ఆనీ డిఫ్రాంకో: సొంత కంపెనీ మీద నడిచిన పాటల జీవితం, దాని నిలకడకు మూలం

వేణువనం:

అమెరికాలో పెద్ద రికార్డు కంపెనీలతో పొత్తు లేకుండా పాడుతూ, రాస్తూ బతికిన వారి ప్రస్తావన వచ్చినప్పుడు ఆనీ డిఫ్రాంకో పేరు తప్పకుండా వినబడుతుంది. అయితే ఆమె గురించి రాసేవారిలో ఎక్కువమంది, పెద్ద కంపెనీలు పిలిచినా ఆమె వెళ్లలేదన్న మాట చెప్పి అక్కడితో ముగిస్తారు. వెళ్లకపోవడానికి ఒక్కసారి గట్టిగా కాదనగలిగితే చాలు. ఆ తరువాత ముప్పై ఏళ్లకు పైగా పాటలు ఎలా అచ్చయ్యాయి, ఊరూరికీ ఎలా చేరాయి, పనిచేసిన వారికి జీతాలు ఎలా అందాయి అన్నవి అంతకంటే కష్టమైన ప్రశ్నలు. ఈ చర్చ వాటి మీద నడిస్తే బాగుంటుందని నా అభిప్రాయం.

కొత్తగా చదివేవారి కోసం నేపథ్యం కొంత చెబుతాను. ఆమె 1970 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరంలో పుట్టింది. తొమ్మిదేళ్ల వయసు నాటికే మైకేల్ మెల్‌డ్రమ్ అనే స్థానిక జానపద గాయకుడి వద్ద గిటార్ నేర్చుకుంటూ, ఆయనతో కలిసి బార్లలో బీటిల్స్ పాటలు పాడేది. పదిహేనో ఏట తల్లి కనెటికట్‌కు మారిపోగా, తాను మాత్రం చట్టప్రకారం స్వతంత్రురాలిగా గుర్తింపు పొంది బఫలోలోనే ఉండిపోయింది. తరువాత న్యూయార్క్ నగరానికి చేరి, న్యూ స్కూల్‌లో కవి సేకూ సుందియాటా దగ్గర కవిత్వం చదువుకుంది. 1990లో తన పేరుతోనే తొలి ఆల్బమ్ విడుదల చేసింది. దానిని క్యాసెట్లుగా వేయించి కచేరీల దగ్గర తానే అమ్ముకుంది. రైచస్ బేబ్ రికార్డ్స్ అన్న ఆమె కంపెనీకి మొదలు అదే.

నా ప్రశ్న ఇది. ఆమె నిలబడడానికి కారణం రికార్డింగుల మీద సొంత హక్కు ఉండడమా, లేక ఏడాదిలో ఎక్కువ భాగం రోడ్ల మీదే గడిపిన ఆ కచేరీల జీవితమా? నాకు మొదటిదే అసలు కారణంగా తోస్తుంది.

నాగావళి:

వేణువనం గారు, హక్కు సంగతి తేలాలంటే అప్పటి ఒప్పందాలు ఎలా ఉండేవో ముందు చూడాలి. 1990 ప్రాంతంలో ఒక కొత్త గాయని పెద్ద కంపెనీతో సంతకం చేస్తే ఆమెకు అడ్వాన్సు ముట్టేది. దానిని బహుమతి అనుకోవడం పొరపాటు, అది ఆమె రాయల్టీలోంచి తిరిగి వసూలయ్యే సొమ్ము. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో భాగం, ఒక్కోసారి టూర్ కోసం కంపెనీ ఇచ్చిన సాయం కూడా ఆ ఖాతాలోకే చేరేవి. ఆమె వాటా సాధారణంగా అమ్మకం ధరలో పది నుంచి పదిహేను శాతం మధ్య ఉండేది. అందులోంచి కూడా ముందుగా ప్యాకింగ్ పేరిట కొంత కోసేవారు. ఖర్చులన్నీ వసూలయ్యే దాకా ఆమె చేతికి రాయల్టీగా ఒక్క సెంటు రాదు, కానీ కంపెనీకి మాత్రం తొలి సీడీ అమ్మకం నుంచే ఆదాయం వస్తూ ఉంటుంది. చివరికి అప్పు మొత్తం తీరిపోయినా మాస్టర్ రికార్డింగ్, అంటే కాపీలన్నిటికీ మూలమైన అసలు రికార్డింగ్, కంపెనీ ఆస్తిగానే మిగులుతుంది. ఇల్లు కొనడానికి తీసుకున్న అప్పంతా కట్టేసినా ఇల్లు బ్యాంకు పేరు మీదే ఉండిపోయినట్లు అన్నమాట.

పాట రాసినవారి హక్కు దీనికి వేరుగా ఉంటుంది. ప్రతి కాపీకి ప్రతి పాటకూ ఇంత అని చట్టం నిర్ణయించిన రుసుము ఒకటి ఉంది. 1990లో అది 5.7 సెంట్లు. అయితే పాట రాసినవారే పాడినవారైతే, పెద్ద కంపెనీలు ఒప్పందంలో ఒక నిబంధన చేర్చి దానిని నాలుగింట మూడు వంతులకు తగ్గించేవి. అంటే తన పాటలు తాను రాసుకునే వారికి చట్టం ఇచ్చినదానిలోనూ కోత పడేది.

డిఫ్రాంకోకు ఈ గొడవ ఏదీ లేదు. స్టూడియో బిల్లు ఆమెదే, మాస్టర్ ఆమెదే, పాట హక్కూ ఆమెదే. నష్టం వచ్చినా ఆమెకే, నిజమే. కానీ కొద్ది వేల కాపీలు అమ్మితే పెద్ద కంపెనీలో విఫలమైన కళాకారిణిగా లెక్కకట్టి వదిలించుకునేవారు. తన కంపెనీలో అదే అమ్మకం తరువాతి ఆల్బమ్‌కు పెట్టుబడి అయ్యేది. సొంత హక్కు ఆమెకు ఇచ్చిన అసలు లాభం డబ్బు కంటే కాలం అని నేను చెబుతాను. తొందరగా గెలిచి తీరాలన్న ఒత్తిడి లేకుండా, 1991లో "నాట్ సో సాఫ్ట్", 1992లో "ఇంపర్‌ఫెక్ట్‌లీ", 1993లో "పడిల్ డైవ్", 1994లో "అవుట్ ఆఫ్ రేంజ్", 1995లో "నాట్ ఎ ప్రెటీ గర్ల్" అని వరుసగా విడుదల చేస్తూ ఆమె అందరి కళ్లముందే ఎదిగింది.

కొండగాలి:

నాగావళి గారు ఒప్పందాల లెక్క చక్కగా వివరించారు. అయినా హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన క్యాసెట్ అమ్ముడుపోదు. ఆ అయిదేళ్లలో ఆమెను రేడియో దాదాపు పట్టించుకోలేదు, పెద్ద పత్రికలు రాయలేదు, టీవీ చూపించలేదు. శ్రోతలు ఆమెకు దొరికింది కాలేజీ ప్రాంగణాల్లో, కాఫీ హోటళ్లలో, జానపద సంగీత ఉత్సవాల్లో, స్త్రీల సంగీతోత్సవాల్లో. ఒక ఊళ్లో విన్న విద్యార్థిని క్యాసెట్ కొని, దానికి నకలు తీసి మరో ఊళ్లోని స్నేహితురాలికి పంపేది. తరువాతి సారి ఆమె ఆ ఊరికి వెళ్లేసరికి పాటలు తెలిసినవారు ఎదురుచూస్తూ ఉండేవారు. పెద్ద కంపెనీకి నకలు క్యాసెట్ అంటే దొంగతనం. కచేరీ టికెట్ మీద బతికే గాయనికి మాత్రం అది ఉచిత ప్రచారం.

వేదిక మీద ఆమెను చూసినవారికి ఈ జీవితం ఎలా సాధ్యమైందో అర్థమవుతుంది. కుడిచేతి వేళ్లకు కృత్రిమ గోళ్లు అంటించుకుని, అవి ఊడిపోకుండా కరెంటు పనివాళ్లు వాడే టేపు చుట్టుకుని, తీగలను మీటడంతో పాటు కొడుతూ, లాగి వదులుతూ వాయించేది. సాధారణ శ్రుతికి బదులు తీగలను రకరకాలుగా మార్చి బిగించుకునేది. ఒక్క గిటారే మంద్ర స్వరమూ తాళమూ కూడా తానే మోసేది కాబట్టి పెద్ద బృందం అవసరం లేకపోయింది. కొన్నేళ్ల పాటు తోడు ఒక్క డ్రమ్మర్, ఆండీ స్టొచాన్‌స్కీ. ప్రయాణంలో మనుషులు తక్కువైతే ఖర్చు తక్కువ, ఖర్చు తక్కువైతే చిన్న ఊళ్లలోని చిన్న హాళ్లు కూడా గిట్టుబాటవుతాయి. అందువల్ల నా దృష్టిలో ఆ వాయించే పద్ధతి ఆమె వ్యాపారానికీ పునాది.

ఇంకొకటి. ఆమె మొదలుపెట్టేనాటికి ఈ దారిలో నడిచినవారు లేకపోలేదు. గాయని హాలీ నియర్ 1972లోనే రెడ్‌వుడ్ రికార్డ్స్ పెట్టింది, 1973లో కొందరు స్త్రీలు కలిసి ఒలీవియా రికార్డ్స్ నెలకొల్పారు. ఆ ఉద్యమంతో పాటే ఉత్సవాలు, పుస్తకాల దుకాణాలు, పంపిణీదారులు ఏర్పడ్డారు. మిచిగన్‌లోని గోల్డెన్‌రాడ్, నార్త్ కరొలైనాలోని లేడీస్లిప్పర్ వంటి పంపిణీ సంస్థలే తొలి రోజుల్లో డిఫ్రాంకో ఆల్బమ్‌లను దుకాణాలకు చేర్చాయి. మరో వైపు గాయకుడు జాన్ ప్రైన్ 1981లోనే ఓ బాయ్ రికార్డ్స్ అనే సొంత కంపెనీతో తన దారి తాను చూసుకున్నాడు. వాషింగ్టన్‌లో పంక్ సంగీతం వాయించే కుర్రవాళ్లు 1980లో డిస్కార్డ్ అనే రికార్డు కంపెనీ మొదలుపెట్టారు. ఆమె ధైర్యాన్ని తగ్గించడానికి ఇదంతా చెప్పడం లేదు. పూర్తిగా ఒంటరిగా చేసిందన్న కథ అందంగా ఉన్నా, ముందుతరం స్త్రీలు వేసిన బాటను అది మరుగున పడేస్తుంది.

వేణువనం:

కొండగాలి గారు, ఒంటరి కథ గురించి మీరు చెప్పింది సబబే. అయితే ఆ కథను ఆమె కంపెనీ కూడా కాస్త సరదాగా వాడుకుంది. ఆల్బమ్‌లు తెప్పించుకోవడానికి ఇచ్చిన ఉచిత ఫోను నంబరు అక్షరాల్లో చదివితే "ఆన్ హర్ ఓన్" (తనంతట తానే) అని వచ్చేది.

హక్కు వైపు నా వాదనకు ఒక ఉదాహరణ ఇస్తాను. "32 ఫ్లేవర్స్" అనే ఆమె పాటను 1997లో అలానా డేవిస్ అనే గాయని పెద్ద కంపెనీ తరఫున మళ్లీ పాడగా, అది అమెరికా పాటల పట్టికలో తొలి 40 స్థానాల్లోకి చేరింది. అమెరికాలో మామూలు రేడియో ఒక పాటను ప్రసారం చేస్తే డబ్బు చెల్లించేది పాట రాసినవారికీ, దాని ప్రచురణ హక్కుదారులకే. పాడినవారికి గానీ రికార్డింగ్ యజమానికి గానీ ఏమీ రాదు. అంటే తన గొంతును పట్టించుకోని రేడియో తన పాటకు మాత్రం రుసుము కట్టక తప్పలేదు. ప్రచురణ హక్కును ముందే ఎవరికైనా రాసిచ్చి ఉంటే ఆ సొమ్ములో పెద్ద వాటా వేరే చోటికి పోయేది.

రాతిమెట్టు:

మీ ముగ్గురి వాదనలూ చదివాను. నాకు రెండింటి మీదా అనుమానమే. హక్కులు, కచేరీలు రెండూ ఉండి కూడా కనుమరుగైన గాయనులు ఆ దశాబ్దంలో ఎందరో ఉన్నారు. డిఫ్రాంకో విషయంలో కాలం కలిసి వచ్చింది. సీడీకి మంచి ధర పలికిన రోజులవి. కాలేజీ రేడియో బలంగా ఉంది, స్వతంత్ర రికార్డు దుకాణాలు ఇంకా మూతపడలేదు. 90ల మధ్యలో కోచ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ దేశమంతటా పంపిణీ చేపట్టిన తరువాతే ఆమె ఆల్బమ్‌లు పెద్ద దుకాణాల అరల్లోకి చేరాయి. 1996లో "డైలేట్", 1997లో "లివింగ్ ఇన్ క్లిప్" అనే కచేరీ ఆల్బమ్, 1998లో "లిటిల్ ప్లాస్టిక్ కాజిల్" వెలువడ్డాయి. చివరిది బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక వేసే ఆల్బమ్‌ల పట్టికలో నేరుగా 22వ స్థానంలో అడుగుపెట్టింది. కచేరీ ఆల్బమ్‌కు భారీ అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు కూడా వచ్చింది. ఆ మూడేళ్ల అలను తీసేసి చూస్తే, మీరు చెప్పే నమూనా ఎంతవరకు నిలుస్తుంది?

ఆ అలతో వచ్చిన ప్రశంసల తీరు కూడా గమనించదగ్గది. ఆర్థిక పత్రికలు ఆమెను వ్యాపార మేధావిగా పొగడడం మొదలుపెట్టాయి. 1997లో మిజ్ అనే స్త్రీవాద పత్రిక తన ఇరవై అయిదేళ్ల సంచికలో ఆమెను మెచ్చుకుంటూ, ఒక్కో ఆల్బమ్ మీద ఫలానా పెద్ద రాక్ బృందం కంటే ఆమె ఎక్కువ సంపాదిస్తోందని రాసింది. దానికి ఆమె బహిరంగ లేఖతో జవాబిచ్చింది. తన ఊరి నడిబొడ్డున సగం ఖాళీ అయిన వీధిలో చిన్న కార్యాలయం తెరిచి పదిహేను మంది దాకా పని ఇవ్వగలుగుతున్నానని, అది తనకు సంతోషమేనని, కానీ తన పాటలను వదిలి డబ్బుతో తనను కొలవడం, అదీ ఒక స్త్రీవాద పత్రిక కొలవడం, తనను బాధించిందని ఆ లేఖ సారాంశం. మనం ఇక్కడ చేస్తున్నదీ అదే పని కాదా అన్న సందేహం నాకు కలుగుతోంది.

నాగావళి:

రాతిమెట్టు గారు, సందేహం న్యాయమైనదే. కానీ ఆ లేఖలోనే మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఉంది. ఊరి నడిబొడ్డున చిన్న కార్యాలయం, పదిహేను మందికి పని అన్నవి ఆమె గొప్పగా చెప్పుకున్న విషయాలు. అల వచ్చినప్పుడు ఎవరైనా లాభపడతారు, ఆ లాభాన్ని ఎక్కడ పెట్టారన్నదే తరువాతి ఇరవై ఏళ్లను నిర్ణయిస్తుంది. ఆమె న్యాయవాద వృత్తి నుంచి వచ్చిన స్కాట్ ఫిషర్‌ను మేనేజరుగా పెట్టుకుని, సంస్థను న్యూయార్క్ నగరానికో లాస్ ఏంజెలెస్‌కో తరలించకుండా బఫలోలోనే ఉంచింది. ఉక్కు పరిశ్రమ మూతపడి జనం వలసపోయిన ఊరది. అద్దెలు తక్కువ, జీతాలు పెద్ద నగరాల స్థాయిలో ఇవ్వనక్కరలేదు. ఆదర్శం, పొదుపు ఒకే నిర్ణయంలో కుదిరాయి.

గుమ్మటం:

బఫలో మాట వచ్చింది కాబట్టి కలగజేసుకుంటున్నాను. అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుతున్న తెలుగు విద్యార్థులలో ఒకడిగా, డెలవేర్ అవెన్యూ మీదున్న ఆ ఎర్రరాతి చర్చి ముందు నుంచి చాలాసార్లు నడిచాను. అది ఎవరిదో అప్పట్లో తెలియకపోయినా భవనం మాత్రం కళ్లు తిప్పుకోనిచ్చేది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో కట్టిన మెథడిస్టు చర్చి అది. 90లలో శిథిలమై రాళ్లు ఊడిపడుతుంటే కూల్చేయాలన్న ఆలోచన నడిచింది. ఫిషర్, డిఫ్రాంకో కలిసి దానిని చేపట్టి బాగుచేయించి 2006లో తెరిచారు. ఇప్పుడు దాని పేరు బేబ్‌విల్. పైన పెద్ద సభామందిరం, కింద చిన్న కచేరీ స్థలం, హాల్‌వాల్స్ అనే సమకాలీన కళాకేంద్రం, ఆమె కంపెనీ కార్యాలయం అన్నీ అందులోనే ఏర్పాటయ్యాయి. పెద్ద కంపెనీలు విజయం సాధించిన సంవత్సరం వాటాదారులకు డివిడెండ్ పంచుతాయి. ఇక్కడ అది ఒక కప్పును బాగుచేయించడానికి ఖర్చయింది.

అదే ఊరి రూపశిల్పి బ్రయన్ గ్రూనర్ట్‌తో కలిసి 2003 నాటి "ఇవాల్వ్" ఆల్బమ్ కవరును తీర్చిదిద్దినందుకు ఆమెకు గ్రామీ పురస్కారం దక్కింది. పాడినందుకు పలుమార్లు నామినేషన్లు రాగా, చేతికి వచ్చిన గ్రామీ అట్టపెట్టెకు కావడం కొంచెం నవ్వు తెప్పిస్తుంది.

కొండగాలి:

కంపెనీ గురించి మాట్లాడుతూ అది ఇతరుల కోసం చేసిన పనిని వదిలేస్తే అన్యాయం. వయసు మళ్లిన కార్మిక గాయకుడు, కథకుడు యూటా ఫిలిప్స్ వేదిక మీద చెప్పిన కథలను తీసుకుని, వాటి వెనుక తాను కొత్త సంగీతం పేర్చి 1996లో "ద పాస్ట్ డిడ్‌న్ట్ గో ఎనీవేర్" చేసింది. 1999లో ఇద్దరూ కలిసి "ఫెలో వర్కర్స్" చేశారు. సరుకు రైళ్లెక్కి తిరిగిన ముసలాయన మాటలను పంతొమ్మిదేళ్ల పిల్లలు శ్రద్ధగా వినేలా చేసిన ప్రయోగమది. ఆమె జీవితకృషిలో నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం కూడా అదే. తన గురువు సేకూ సుందియాటా కవితల ఆల్బమ్‌నూ ఆమె కంపెనీ వెలువరించింది. గాయకుడు ఆండ్రూ బర్డ్ పేరు ఇంకా అంతగా పాకని రోజుల్లో ఆయన ఆల్బమ్‌లు అక్కడి నుంచే వచ్చాయి.

గాయని అనాయిస్ మిచెల్ "హేడీస్‌టౌన్" ఆల్బమ్‌ను రైచస్ బేబ్ 2010లో విడుదల చేసింది. గ్రీకు పురాణకథను ఆధునిక కాలానికి మార్చి రాసిన ఆ గేయకథలో పెర్సెఫొనీ పాత్రకు గొంతు ఇచ్చింది డిఫ్రాంకోయే. తరువాత అది రంగస్థల నాటకంగా పెరిగి 2019లో న్యూయార్క్‌లోని పెద్ద నాటకశాలల రంగమైన బ్రాడ్‌వేకు చేరి, ఉత్తమ సంగీత నాటకంతో సహా ఎనిమిది టోనీ నాటకరంగ పురస్కారాలు గెలిచింది. 2024లో డిఫ్రాంకో స్వయంగా బ్రాడ్‌వే వేదిక మీద అదే పాత్ర పోషించింది. అంతకు పద్నాలుగేళ్ల ముందు ఒక చిన్న కంపెనీ నమ్మి వేసిన ఆల్బమ్ ఆ కంపెనీ యజమానికే యాభై దాటిన వయసులో కొత్త పని చూపించింది.

తుమ్మెద:

అందరూ మెచ్చుకుంటున్న చోట ఎదురు మాట అనడం ఇష్టం లేకపోయినా అనక తప్పదు. సంగీతం వైపు నుంచి చూస్తే, కాదనే మనిషి లేకపోవడం ఆమెకు నష్టం కూడా చేసింది. 1999 ఒక్క సంవత్సరంలోనే "అప్ అప్ అప్ అప్ అప్ అప్", "టు ద టీత్" అని రెండు ఆల్బమ్‌లు వచ్చాయి. 2001లో "రెవెలింగ్/రెకనింగ్" రెండు డిస్కులు. ప్రతిదానిలోనూ మూడు నాలుగు అద్భుతమైన పాటలు ఉంటాయి, మిగతావి ఇంకొన్నాళ్లు నానబెట్టి ఉంటే బాగుండేది. 2004లో వచ్చిన "ఎడ్యుకేటెడ్ గెస్" కోసం వాద్యాలన్నీ తానే వాయించి, రికార్డింగూ తానే చేసుకుంది. పట్టుదల మెచ్చదగ్గదే, కానీ వింటుంటే తలుపులు మూసిన గదిలో గాలి ఆడనట్లు అనిపిస్తుంది. మరుసటి ఏడాది "నకుల్ డౌన్" కోసం నిర్మాణంలో జో హెన్రీని తోడు తెచ్చుకోగానే పాటలకు మళ్లీ ఊపిరి వచ్చింది. బయటి చెవి ఒకటి ఉండడం బానిసత్వమేమీ కాదని ఆమెకే తెలిసి వచ్చిందని నేననుకుంటున్నాను.

దీనికి శరీరం చెల్లించిన మూల్యం కూడా ఉంది. అంత బలంగా కొట్టి వాయించడం, ఏళ్ల తరబడి విరామం లేని ప్రయాణం కలిసి చేతుల స్నాయువులు దెబ్బతిని, 2005లో కచేరీలు ఆపుకోవలసి వచ్చింది. జీతాలు కచేరీల ఆదాయం మీద ఆధారపడిన సంస్థలో యజమాని చేతులు నొప్పిపెడితే ఏమవుతుందో ఆలోచించండి. హక్కు కాలాన్ని ఇచ్చిందని నాగావళి గారు అన్నారు. పదిహేనేళ్ల పాటు ఆ కాలాన్ని ఆమె విశ్రాంతికి వాడుకోనేలేదు.

వేణువనం:

తుమ్మెద గారు, "ఎడ్యుకేటెడ్ గెస్" మీద మీ తీర్పుతో ఏకీభవించను. ఆ ఆల్బమ్‌లోని ఉక్కపోతే దాని అందం. అయితే ఆల్బమ్‌ల సంఖ్య గురించి మీ ఆరోపణకు నా దగ్గర సమాధానం లేదు. ఆమె ఆల్బమ్‌లను డైరీ పుటలుగా చూసిందని, శ్రోతలు కూడా అలాగే కొన్నారని మాత్రం చెప్పగలను. అదే కాలంలో పేరుమోసిన పాప్ గాయకుడు ప్రిన్స్ కూడా ఎక్కువగా రాసి ఎక్కువగా విడుదల చేయాలన్న కోరికతోనే వార్నర్ కంపెనీతో తగవుపడ్డాడు. "టు ద టీత్"లో ఒక పాటకు ఆయన గొంతు కలపడం, ఆయన ఆల్బమ్‌లో ఆమె గిటార్ వాయించడం రెండూ 1999లోనే జరిగాయి. ఆయన ఎన్నో ఏళ్లు పోరాడి అడిగినది ఆమె చేతిలో మొదటి నుంచీ ఉంది.

రాతిమెట్టు:

చర్చలో ఇంతవరకు ఎవరూ ముట్టుకోని విషయం శ్రోతలతో ఆమె సంబంధం. కంపెనీకి బాకీ పడని కళాకారిణి శ్రోతలకు బాకీ పడుతుంది. స్త్రీలనూ పురుషులనూ ప్రేమించానని బాహాటంగా పాడిన ఆమెను తమ మనిషిగా భావించిన యువతులలో కొందరు, 1998లో ఆమె ఒక పురుషుణ్ణి పెళ్లాడినప్పుడు ద్రోహం జరిగినట్లు బాధపడ్డారు. అది వారి వైపు అన్యాయం.

2013 చివర జరిగినది వేరు. పాటల రచన మీద నాలుగు రోజుల శిబిరాన్ని లూయిజియానాలోని నాటొవే అనే పాత తోటల బంగళాలో జరుపుతామని ప్రకటించారు. నల్లజాతి బానిసల శ్రమతో కట్టి నడిపిన చోటది. జాతివివక్షకు వ్యతిరేకంగా ఏళ్ల తరబడి పాడిన మనిషి ఆ స్థలానికి అద్దె కట్టడమేమిటని నల్లజాతి స్త్రీలు ముందుగా ప్రశ్నించారు. శిబిరం రద్దయింది కానీ, రద్దు ప్రకటనలో ఆమె రాసిన వివరణ సంజాయిషీలా ఉండడంతో కోపం పెరిగింది. కొద్ది రోజులకు రెండోసారి సూటిగా క్షమాపణ చెప్పింది. తుమ్మెద గారు చెప్పిన లోపమే ఇక్కడ మరో రూపంలో కనబడుతుంది. చుట్టూ ఉన్నవారంతా ఆప్తులూ, ఆమె దగ్గర జీతం తీసుకునేవారూ అయినప్పుడు, ఈ స్థలం వద్దని ముందుగా చెప్పవలసిన గొంతు ఆ గదిలో లేకపోయింది.

నాగావళి:

ఆ ఘటనను నేను సమర్థించను. అయితే స్వతంత్రత మీద నింద వేయడం పూర్తిగా సరికాదు, పెద్ద కంపెనీల ప్రచార విభాగాలు కూడా ఇలాంటి పొరపాట్లు కావలసినన్ని చేశాయి. తేడా ఒక్కటే, ఇక్కడ నింద మోయడానికి ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

రెండు రోజులుగా చదువుతున్న ఒక సభ్యులు, ఇదే దారి ఈనాడు సాధ్యమేనా అని నాకు విడిగా రాశారు. జవాబు ఇక్కడే ఇస్తాను. రికార్డు చేయడం, లోకానికి చేర్చడం ఇప్పుడు చాలా చవక. 2008లో మొదలైన, గాయకులే తమ పాటలు అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైటు వంటి చోట డిజిటల్ అమ్మకం మీద పదిహేను శాతం పోగా మిగిలినదంతా, చెల్లింపు రుసుము మినహాయించి, గాయనికే చేరుతుంది. కానీ ఎక్కువమంది వినేది స్ట్రీమింగ్‌లో. అక్కడ ఒక్కో వినికిడికి వచ్చేది సెంటులో చిన్న భాగం. 2024 నుంచి స్పాటిఫై, ఏడాదిలో వెయ్యి సార్లయినా వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కే కట్టడం లేదు. మొదటి అయిదేళ్లలో డిఫ్రాంకోను నిలబెట్టింది కొద్దిమంది శ్రోతలు, ఒక్కొక్కరు పూర్తి ధర ఇచ్చి కొన్న క్యాసెట్. చిన్న గాయనికి ఆ మొదటి మెట్టు ఇప్పుడు కరిగిపోయింది.

గుమ్మటం:

మన తెలుగు సినిమా పాటల విషయంలో హక్కులు ఏళ్ల తరబడి నిర్మాత ద్వారా ఆడియో కంపెనీకి చేరిపోయేవి. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక, సినిమా హాలు బయట పాటను వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకూ స్వరకర్తకూ ఉన్న వాటాను వారు రాసిచ్చినా చెల్లదన్న నియమం వచ్చింది. చట్టం చేత ఇప్పించుకున్న హక్కుకూ, మొదటి నుంచీ ఎవరికీ ఇవ్వకుండా నిలుపుకున్న హక్కుకూ మధ్య తేడా ఈ చర్చ చదివాక నాకు బాగా తెలిసింది. ఒక ప్రశ్న, ఆమె ఇప్పుడు ఏం చేస్తోంది?

కొండగాలి:

గుమ్మటం గారు, ఆమె చాలా ఏళ్లుగా న్యూ ఆర్లియన్స్‌లో స్థిరపడింది. 2005లో కత్రీనా తుఫాను వచ్చినప్పుడు అక్కడే "రిప్రీవ్" రికార్డింగ్ జరుగుతోంది, నగరం విడిచి రావలసి వచ్చింది. తల్లయిన తరువాత ఆల్బమ్‌ల మధ్య విరామం పెరిగింది. 2012 నాటి "విచ్ సైడ్ ఆర్ యూ ఆన్" పాటలో తొంభై దాటిన జానపద గాయకుడు పీట్ సీగర్ బాంజో వాయించాడు. 2019లో ఆత్మకథ ప్రచురించింది. 2021లో "రెవల్యూషనరీ లవ్", 2024లో బీజే బర్టన్ నిర్మాణంలో మరో ఆల్బమ్ వెలువడ్డాయి. ఆ చివరిదానిలో ఆమె గొంతునూ గిటార్‌నూ కంప్యూటర్‌తో ఎంతగా మార్చారంటే, పాత అభిమానులు కొందరు మొదటిసారి గుర్తుపట్టలేకపోయారు. తుమ్మెద గారు కోరిన బయటి చెవి ఆలస్యంగానైనా పూర్తి అధికారంతో వచ్చిందన్నమాట.

తుమ్మెద:

ఆ ఆల్బమ్ నాకు నచ్చింది, ఒప్పుకుంటాను. కొత్తగా వినేవారికి మాత్రం దానితో మొదలుపెట్టమని చెప్పను. "లివింగ్ ఇన్ క్లిప్" ముందు వినండి, వేదిక మీద ఆమె మాటలు, నవ్వు, శ్రోతల కేకలతో సహా. తరువాత "డైలేట్".

వేణువనం:

నా వరుస వేరు. 1990 ఆల్బమ్‌లోని మొదటి పాట "బోత్ హ్యాండ్స్" ముందు వినాలి, గొంతు, గిటార్ తప్ప మరేమీ లేదు. ఆ వెంటనే "లివింగ్ ఇన్ క్లిప్"లో అదే పాటను బఫలో ఫిల్‌హార్మనిక్ వాద్యబృందంతో పాడినది వినాలి. ఏడేళ్లలో ఏమి మారిందో, ఏమి మారలేదో ఆ రెండింటిలో తెలుస్తుంది. యూటా ఫిలిప్స్ ఆల్బమ్‌లను మాత్రం పాటల మధ్యలో ఇరికించకండి. వాటికి వేరే సాయంత్రం కేటాయించాలి.

కొండగాలి:

ఆ చివరి మాటతో నేనూ ఏకీభవిస్తాను. రెండింటిలో 1996 నాటిది ముందు వినడం మంచిది. "ఫెలో వర్కర్స్" వినడానికి ముందు అమెరికా కార్మిక సంఘాల చరిత్ర కొంత చదివి ఉంటే, ఆయన చెప్పే సమ్మెల కథలు ఎవరి గురించో తెలుస్తుంది.